పరిస్థితి నిలకడగా ఉంది

భయం వేస్తే ఒక్కొక్కరు ఒక్కోలా తయారవుతారు. కొందరికి చెమటలు పడతాయి, కొందరికి ఆకలి చచ్చిపోతుంది. నాకైతే ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద కోపం వస్తుంది. మా మరిదిగారికి మాత్రం ఏదో ఒక ఇంగ్లీషు మాట గొంతుకు అడ్డం పడుతుంది. దాని తాతముత్తాతల దాకా తవ్వి బయట పోస్తే గాని ఆయనకి ఊపిరాడదు.

ఆయన నా చెల్లెలి భర్త. ఒక పత్రికలో సబ్ ఎడిటర్. ఇంగ్లీషులో వచ్చిపడే వార్తల్ని మన భాషలోకి తిప్పే డెస్కులో చేరినప్పుడు తలనిండా ఒత్తయిన జుట్టుండేది. జుట్టు పోయింది, డెస్కు మిగిలింది. సన్నటి మనిషి, మెడ కాస్త ముందుకి వంగి ఉంటుంది. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు: ఒకటి తను రాసుకోవడానికి, రెండోది ఎవరైనా అడిగితే ఇచ్చి మర్చిపోవడానికి. ఒక్క రోజు తప్ప, ఆయన గొంతెత్తి మాట్లాడగా నేను ఏనాడూ వినలేదు.

చూసినవాళ్ళు నోట్లో నాలుక లేని మనిషి అనుకుంటారు. కానీ ఎవరి నోటినుంచైనా ఒక ఇంగ్లీషు మాట జారిందా, ఇక అంతే సంగతులు. ఒకసారి మా షాపుకొచ్చిన ఒకావిడ కిటికీ తెరలకి కాస్ట్ ఎంతవుతుందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఈయన అందుకుని, కాస్ట్ అంటే లాటిన్‌లో కలిసి నిలబడటం అనీ, బేరం వచ్చి ఎక్కడ నిలబడిందో అదే ధర అనీ మొదలుపెట్టారు. ఆవిడ మర్యాదగా అంతా విని, మళ్ళీ వస్తానని వెళ్ళింది. ఇప్పటికీ రాలేదు.

షాపంటే మా అక్కచెల్లెళ్ళ టైలరింగ్ షాపు. నేను మిషను, తను కత్తెర. బట్టని బల్ల మీద పరిచి, సుద్దతో గీత గీసి, ఒక్క క్షణం దానివంక చూసి కత్తెర పెట్టిందంటే మళ్ళీ వెనక్కి తియ్యదు. చంక దగ్గర వంపు తిప్పేటప్పుడు కింది పెదవి కొరుక్కుంటుంది. తను కత్తిరించిన ముక్కలు నా చేతికొస్తే కళ్ళు మూసుకుని కుట్టుకుంటూ పోవచ్చు. ఎక్కడా లాగదు, ఎక్కడా మిగలదు. పనిచేసినంతసేపూ నేను వాగుతూ ఉంటాను, తను వింటూ ఉంటుంది. వాళ్ళకి పిల్లల్లేరు, నాకు పెళ్ళే లేదు. ఒకే ఇంట్లో పైన వాళ్ళు, కింద నేను.

ఆ రోజు పొద్దున తను ఒక కోటు కత్తిరిస్తోంది. మధ్యలో కత్తెర చప్పుడు ఆగింది. ఏదో ఆలోచిస్తోందిలే అని నేను తల ఎత్తలేదు.

"అక్కా, ఈ చెయ్యి నాది కాదే" అంది.

ఇదేం వేళాకోళమే అంటూ తిరిగి చూసేసరికి కుడి చెయ్యి బల్ల మీద పడి ఉంది. నోరు ఒక పక్కకి జారుతోంది. కత్తెర బల్ల అంచుమీద ఊగుతోంది. అది కిందపడితే కాలికి గుచ్చుకుంటుందని ముందు దాన్ని లాగి నా చేతిసంచిలో కుక్కుకున్నాను. మనిషిని పట్టుకోవాల్సింది పోయి కత్తెరని పట్టుకున్నాను. కంగారులో బుర్ర అలా పనిచేస్తుంది మరి. ఆ తర్వాత తనని ఎలా దింపానో, ఆటో ఎవరు పిలిచారో, మరిదిగారికి ఫోను ఎవరు చేశారో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలీదు.

తలలో ఒక నరం చిట్లి లోపల రక్తం చేరిందని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. చిన్న వయసే గానీ కళ్ళకింద నిద్రలేని నలుపు. చేరింది కొంచెమేననీ, అది పెరగకుండా ఉంటే ఆపరేషన్ అక్కర్లేదనీ, రక్తపోటు మెల్లగా దించుతున్నామనీ, ఈ రెండు మూడు రోజులు గడిస్తే గండం గడిచినట్టేననీ, అందాకా మనిషిని కదపకూడదనీ వేళ్ళు మడుస్తూ చెప్పింది. చివర్న, "ప్రస్తుతానికి స్టేబుల్‌గా ఉన్నారు" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. పక్కకి తిరిగి చూస్తే మరిదిగారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఐసీయూ బయట ఒక పొడుగాటి ఇనుప బెంచీ. ఎదురుగా అద్దాల తలుపు. అద్దానికి తెల్లకాగితం అంటించారు, లోపల ఏమీ కనపడదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా బెంచీ మీద ఉన్నవాళ్ళందరం ఒక్కసారే లేస్తాం. పిలుపు మనకి కాదని తెలిశాక ఒక్కొక్కరమే కూలబడతాం. మూల నీళ్ళ మిషను ఉండుండి గుడగుడమంటోంది. గోడమీది టీవీలో శబ్దం లేకుండా ఎవరో నవ్వుతూ ఏదో అమ్ముతున్నారు. నాకు ఆ టీవీని పీకి కింద పడెయ్యాలనిపించింది.

"స్టేబుల్ అంటే నిలబడగలిగేది అని అర్థం వదినా" అన్నారు మరిదిగారు, తలుపువైపే చూస్తూ.

మొదలైంది అనుకున్నాను.

"లాటిన్‌లో స్టారే అంటే నిలబడటం. అక్కణ్ణుంచి ఫ్రెంచిలోకి, ఫ్రెంచి దొరలు ఇంగ్లండుని గెలుచుకున్నాక ఇంగ్లీషులోకి. గుర్రపుశాలని కూడా స్టేబుల్ అంటారు చూడండి, అదీ ఇదే వేరు. గుర్రాలు నిలబడే చోటు. ఆ గుర్రపుశాల అధికారే తర్వాత కానిస్టేబుల్ అయ్యాడు. స్టేషను, స్టాట్యూ, డిస్టెన్స్... డిస్టెన్స్ అంటే ఏంటో తెలుసా? విడిగా నిలబడటం."

"మరిదిగారూ, కాస్త టీ తాగొద్దామా?"

"మన స్థా కూడా దాని చుట్టమే. స్థానం, స్థిరం, స్థితి. పరిస్థితి అన్నా అదే, అవస్థ అన్నా అదే. స్వస్థత అంటే తనలో తాను నిలబడి ఉండటం. ఎంత బాగుందో చూడండి. మన నిలకడ మాత్రం వేరే ఇంటి బిడ్డ, వాటికీ దీనికీ చుట్టరికం లేదు. అయినా అదీ నిలబడటంలోంచే పుట్టింది. ఎక్కడ ఏ మనిషి మంచాన పడినా, బయట ఉన్నవాళ్ళు అడిగేది ఒక్కటే అన్నమాట. నిలబడతాడా అని."

ఆ చివరి ముక్క అనేటప్పుడు ఆయన తలుపువైపు నుంచి చూపు తిప్పుకున్నారు. నా కోపం సగం దిగిపోయింది.

"నిలబడిందనే కదా ఆ అమ్మాయి చెప్పింది? మంచిమాట చెబితే కూడా హడలిపోతే ఎలాగండీ?"

ఆయన మోకాళ్ళమధ్య చేతులు పెట్టుకుని, బొటనవేళ్ళు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పుకుంటూ కూర్చున్నారు. తర్వాత నెమ్మదిగా, ఏదో తప్పుడుపని చెబుతున్నవాడిలా చెప్పారు.

వాళ్ళ డెస్కులో ఒక పద్ధతి ఉందట. ఎవరైనా పేరున్న మనిషి ఆసుపత్రిలో చేరితే సాయంత్రానికి బులెటిన్ వస్తుంది. అందులో స్టేబుల్ అనే మాట ఉంటుంది. డెస్కువాళ్ళు దాన్ని "పరిస్థితి నిలకడగా ఉంది" అని తిప్పి మొదటి పేజీకి పంపుతారు. పంపిన చేత్తోనే ఇంకో పేజీ తెరుస్తారు. ఆ మనిషి ఫొటో, ఎక్కడ పుట్టారు, ఏం చదివారు, ఏం సాధించారు, ఎవరెవరున్నారు, అన్నీ రాసి, పోయిన వేళ మాత్రం ఖాళీగా వదిలి దాచిపెడతారు. దానికి నిలవ పేజీ అని పేరు. కబురు తెలిశాక అచ్చుకి అర్ధగంట కూడా దొరకదు కాబట్టి ముందే సిద్ధంగా ఉండాలి. కొత్తగా డెస్కులో చేరినవాళ్ళకి ఈ పని నేర్పేది మా మరిదిగారే.

"స్టేబుల్ అని వచ్చిందంటే పేజీ పెట్టేయండి అని నేనే చెబుతాను వదినా. బాగున్నవాళ్ళ గురించి ఎవరూ ఆ మాట అనరు. నేను అలా తిప్పినవాళ్ళలో ఎంతమంది తెల్లారేసరికి..."

"ఆపండి!" అన్నాను. బెంచీ చివర కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు, తలుపు తెరుచుకుందేమోనని.

ఆ క్షణంనుంచి ఆ మాట నాకూ చేదయింది. అంతవరకూ హాయిగా పట్టుకుని కూర్చున్నదాన్ని, ఈ మహానుభావుడు దాని కడుపు చీల్చి చూపించాడు. మధ్యాహ్నం డాక్టరమ్మ మళ్ళీ బయటికొచ్చి "స్టేబుల్" అంది. ఇద్దరం తలలూపాం. ఆవిడ వెళ్ళాక ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

కాసేపటికి మరిదిగారి ఫోను మోగింది. ఆయనకి ఒక చెవి మందం, అందుకని ఫోను ఎప్పుడూ స్పీకరులోనే పెడతారు. డెస్కులో ఆయన దగ్గర పని నేర్చుకున్న ఒకావిడ. మా ఇంటికి ఎప్పుడూ రాలేదు గానీ గొంతు నాకు తెలుసు.

"సార్, మేడమ్‌కి ఎలా ఉంది?"

"స్టేబుల్ అంటున్నారమ్మా."

అవతల కీబోర్డు టకటక ఆగిపోయింది.

"ధైర్యంగా ఉండండి సార్. మేమందరం ఉన్నాం. ఏమీ కాదు." గొంతు తగ్గించింది. "సార్, ఏమీ అనుకోకండి... మేడమ్ ఫొటో ఏదైనా ఉంటే ఒకటి పంపుతారా? తొందరేం లేదు సార్. ఊరికే."

"పంపుతానమ్మా" అని ఆయన ఫోను పెట్టేశారు. అతి మామూలుగా అన్నారు, ఎవరో పెన్ను అడిగితే ఇచ్చినట్టు. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. మనిషి లోపల ఊపిరి పీలుస్తుంటే వీళ్ళు ఫొటో అడుగుతారా? ఆ ఫోను లాక్కుని నాలుగు దులిపేద్దామని చెయ్యి చాచాను. ఆయన ఫోనులో ఫొటోలు తిప్పుతూ ఉన్నారు. బల్లమీదికి వంగిన వీపు. ఎవరి పుట్టినరోజుకో దిగిన గుంపులో సగం మొహం. నా ఫొటోలో వెనకాల ఎక్కడో చెయ్యి. ఒక్కటంటే ఒక్కటి తిన్నగా లేదు. ఆయన వేలు ఆగిపోయింది.

"పేజీ పెట్టేశారు వదినా" అన్నారు.

ఆ తర్వాత ఆయన నాకు తెలిసిన మనిషి కాదు. లేచి గబగబా కిందికి వెళ్ళారు, పైకి వచ్చారు, ఎవరెవరికో ఫోన్లు చేశారు. ఊరికి దూరంగా ఒక పెద్ద ఆసుపత్రి ఉంది, అంబులెన్స్‌లో సగం పూట ప్రయాణం. అక్కడికి తీసుకెళ్ళిపోదాం అన్నారు. ఇక్కడ ఉంచితే ఉన్నచోటే ఉండి ఉండి పోతుంది అన్నారు. అక్కడ మంచం దొరుకుతుందన్నారట, ఈ ఊళ్ళోదే ఒక అంబులెన్స్ బయల్దేరిందట.

"కదపకూడదని చెప్పింది కదండీ ఆ పిల్ల!"

"వాళ్ళు అలాగే చెబుతారు."

"దారిలో ఏమన్నా అయితే?"

"ఇక్కడ అవ్వదని ఎవరు చెప్పారు? ఎవరు చెప్పారు వదినా?"

ఆయన అరిచారు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన గొంతు పైకి లేవడం విన్నాను, అదీ నా మీద. నాకు తిరిగి అరవాలని ఉంది. కానీ ఏ హక్కుతో? తనకి ఆయన భర్త, సంతకం ఆయనది. నేను అక్కని మాత్రమే. ఆయన చెప్పిందే నిజమైతే, నేను అడ్డుపడి ఇక్కడే ఉంచేస్తే, తర్వాత జన్మంతా ఏ మొహంతో బతకాలి? పోనీ ఆయన మాట విని తీసుకెళ్తే, దారిలో ఏ గుంత దగ్గరో ఆ నరం మళ్ళీ చిట్లితే? కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని. సంచిలో చెయ్యి పెడితే కత్తెర తగిలింది. చల్లగా ఉంది.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. ఆయన చెప్పిందంతా విన్నది. కోపం తెచ్చుకుంటుందేమో అనుకున్నాను, తెచ్చుకోలేదు. గోడకి ఆనుకుని నిలబడి, చెప్పుల్లోంచి ఒక పాదం తీసి రెండో పాదం మీద పెట్టుకుంది. పాపం, పొద్దుట్నుంచి కూర్చున్నట్టు లేదు.

"మీరు తీసుకెళ్తానంటే నేను ఆపలేను సార్. కానీ నేనైతే తీసుకెళ్ళను. మా అమ్మ అయినా తీసుకెళ్ళను."

"స్టేబుల్ అనే మాట మీద నాకు నమ్మకం లేదు డాక్టర్ గారూ. ముప్ఫయ్యేళ్ళుగా ఆ మాటతోనే నా ఉద్యోగం. దాని వెనకాల ఏముంటుందో నాకు తెలుసు."

"పేపర్లో వచ్చేది పదిమందీ చదవడానికి చెప్పేది సార్. నేను పేపరుకి చెప్పట్లేదు, మీకు చెబుతున్నాను." ఆవిడ వేళ్ళు చూపించింది. "గంటగంటకీ వెళ్ళి చూస్తాం. కళ్ళలో లైటు వేస్తాం. పేరడుగుతాం, ఏ నెలో అడుగుతాం. వేళ్ళు నొక్కమంటాం. ఇందాక ఎలా ఉన్నారో ఇప్పుడూ అలాగే ఉంటే స్టేబుల్ అంటాం. బాగైపోయారని కాదు. పోతారనీ కాదు. ఇప్పుడు చూడటానికి టైమవుతోంది. మీరూ రండి, పక్కన నిలబడి చూడండి. అది చూశాక కూడా తీసుకెళ్తానంటే సంతకం చేసి తీసుకెళ్ళండి."

పిలుస్తామని చెప్పి లోపలికి వెళ్ళింది. ఇంతలో కింద అంబులెన్స్ వచ్చిందని ఫోను. డ్రైవరు గేటు దగ్గర ఎక్కువసేపు ఉండనివ్వరంటున్నాడు. వస్తున్నాం ఉండమన్నారు మరిదిగారు. ఈ గంట గడవదు, ఆ తలుపు తెరవరు, ఆ అంబులెన్సు ఆగదు.

అప్పుడు ఆయన ఎందుకు చేశారో తెలీదు, డెస్కుకి ఫోను చేశారు. చేతులకి ఏదో ఒక అలవాటైన పని కావాల్సొచ్చిందేమో.

"ఏం రాశావమ్మా?" అన్నారు.

"సార్?"

"పేజీలో ఏం రాశావు? నేను తిట్టను. చదువు."

ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. అయ్యో సార్, అలవాటుకొద్దీ సార్, క్షమించండి అంటోంది. చదువమ్మా అని ఆయన మళ్ళీ అన్నారు. ముక్కు ఎగబీల్చుకుంటూ చదివింది. ఈ పత్రిక సీనియర్ సబ్ ఎడిటర్ సతీమణి. గృహిణి. మితభాషి. భర్త వృత్తి జీవితానికి చేదోడువాదోడుగా నిలిచారు. అంతే. నాలుగు ముక్కలు.

"గృహిణా?" అన్నాను నేను. బెంచీమీదివాళ్ళంతా తిరిగి చూశారు. "ఎవరు గృహిణి? మా వీధిలో సగంమంది ఒంటిమీద ఉన్నది తన కత్తెర! మీ ఆఫీసులో పెద్దాయన కూతురి పెళ్ళికి వేసుకున్న కోటు ఎవరు కత్తిరించారట? మీరు ఇన్నేళ్ళూ ఆఫీసులో ఏం చెప్పారండీ? గుర్రపుశాలల గురించి చెప్పారా?"

ఆయన నావైపు చూశారు. తప్పించుకునే చూపు కాదు. నిజంగా వెతుక్కుంటున్న చూపు.

"ఎవరూ అడగలేదు వదినా. నేనూ చెప్పలేదు." తర్వాత, "తను కత్తెర పట్టడం ఎక్కడ నేర్చుకుంది?" అన్నారు.

నేనే నేర్పానని అనబోయాను. చుట్టుపక్కలవాళ్ళకి అలాగే చెబుతాను కూడా. కానీ నేను నేర్పింది కాజాలు కుట్టడం. కత్తిరించడం నాకు ఈనాటికీ సరిగ్గా రాదు. షాపు పెట్టిన రోజు తను బల్లముందు నిలబడి కత్తెర అందుకుంది. ఈ పని నాకు వచ్చులే అన్నట్టు అందుకుంది. ఎక్కడ నేర్చుకున్నావే అని అడిగినట్టు గుర్తు లేదు. నాకు పని జరిగిపోయింది, అంతే.

"నాకు తెలీదు మరిదిగారూ" అన్నాను.

తలుపు తెరుచుకుంది. నర్సు ఒక్కరినే రమ్మంది. ఆయన చెప్పులు బయట విడిచి, ఆకుపచ్చ గౌను వెనకా ముందూ తెలియక తిరగేసి తొడుక్కుని లోపలికి వెళ్ళారు. తలుపు మూసుకుంది. అద్దానికి అంటించిన కాగితం ఒక మూల కొద్దిగా ఊడింది. వంగి ఆ సందులోంచి చూశాను. ఒక పరదా, ఒక స్టాండు, ఎవరిదో మోచెయ్యి. అది తనదో కాదో కూడా తెలియలేదు. ఆయన ఫోను బెంచీమీద మళ్ళీ మోగింది. అంబులెన్స్ డ్రైవరు. నేను ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పను?

ఆయన బయటికి వచ్చేసరికి గౌను ఇంకా ఒంటిమీదే ఉంది. బెంచీ దగ్గరికి వచ్చి కూర్చోకుండా నిలబడ్డారు. మొహంలో ఏముందో నేను చదవలేకపోయాను.

"చెప్పండి" అన్నాను.

"పేరు చెప్పింది. నెల చెప్పింది. మాట ముద్దగా వస్తోంది, కానీ అర్థమవుతోంది. ఎడమచేత్తో నర్సు వేళ్ళు గట్టిగా నొక్కింది. కుడిచేత్తో..." ఆయన తన రెండు వేళ్ళు దగ్గరికి తెచ్చి చూపించారు. "ఇంత. ఇందాకా అంతేనట. నా వేళ్ళు పెట్టి నొక్కమన్నాను. ఇంతే వదినా, కానీ తెలిసింది నాకు. నొక్కింది."

"ఇంకా?"

"పెద్దాసుపత్రికి వెళ్దామా అని అడిగాను. తల కదిపితే లోకం తిరుగుతోంది, నన్ను ఇక్కడే పడుండనివ్వండి అంది. మనం ఇద్దరం ఇక్కడ కొట్టుకుంటున్నాం గానీ తనని అడగలేదు కదా. తర్వాత అడిగాను, కత్తెర ఎవరిదగ్గర నేర్చుకున్నావని."

"ఏమంది?"

"మీ చొక్కాల దగ్గర అంది."

నాకు బోధపడలేదు. ఆయన గౌను కింద తన చొక్కా భుజాన్ని ఒక చేత్తో పట్టుకుని చెప్పారు. పెళ్ళయిన కొత్తలో ఆయన డ్యూటీకి వెళ్ళాక, ఇంట్లో ఉన్న ఆయన చొక్కా ఒకటి తీసి, కుట్లన్నీ విప్పేసేదట. చెయ్యి విడిగా, వీపు విడిగా, కాలరు విడిగా నేలమీద పరుచుకుని, ఏ ముక్క ఏ ఆకారంలో ఉందో కాగితం మీద పెట్టి గీసుకునేదట. ఆయన ఇల్లు చేరేలోపు మళ్ళీ కుట్టేసి, ఇస్త్రీ చేసి, కొక్కేనికి తగిలించేసేదట. అలా ఒకటి కాదు, ఉన్నవన్నీ. రెండుమూడుసార్లు భుజం కాస్త పక్కకి పోయిందట కూడా.

"నేనవి వేసుకుని ఆఫీసుకి వెళ్ళాను వదినా. కాస్ట్‌నీ స్టేట్‌నీ ముక్కలు ముక్కలుగా విప్పి అందరికీ చూపించుకుంటూ తిరిగాను. నా ఒంటిమీది చొక్కాని విప్పి కుట్టారని నాకు తెలియలేదు. అప్పుడే చెప్పొచ్చు కదా అన్నాను. మీరు అడగలేదుగా అంది. నవ్వడానికి చూసింది, నోరు ఒక పక్కే కదిలింది."

అప్పుడు ఆయన కూర్చుని ఏడ్చారు. వెక్కి వెక్కి, చిన్నపిల్లాడిలా, ఎవరు చూస్తున్నారన్నది లేకుండా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. బెంచీ చివరి పెద్దాయన మాకు నీళ్ళు పట్టి తెచ్చిచ్చాడు. ఆయనవాళ్ళు లోపల ఎవరున్నారో నేను అప్పటిదాకా అడగనేలేదు.

అంబులెన్స్ డ్రైవరు పైకే వచ్చేశాడు, ఇంక ఆగలేనంటూ. "వద్దు నాయనా. ఆవిడ రానంది" అని మరిదిగారు అతని ఖర్చు ఇచ్చి పంపించేశారు. అతను మెట్లు దిగుతున్నంతసేపూ నేను పైమెట్టు దగ్గరే నిలబడ్డాను. తప్పు చేస్తున్నామేమో, పిలిచి ఆపాలేమో అనిపించింది. ఆయనకీ అనిపించిందని తెలుసు, ఎందుకంటే కిటికీలోంచి ఆ బండి గేటు దాటేదాకా చూశారు. ఇంకో గంటకి ఆ నొక్కు ఉంటుందో ఉండదో ఎవరు చెప్పగలరు?

తర్వాత డెస్కుకి ఫోను చేశారు. ఆ పేజీ తీయించేస్తారనుకున్నాను.

"ఆ పేజీ ఉండనీ అమ్మా. మనందరిదీ ఎప్పుడో ఒకప్పుడు ఉండాల్సిందే" అన్నారు. నేను నోరు తెరవబోయాను, కానీ ఆయన చెయ్యెత్తి నన్ను ఆగమన్నారు. "గృహిణి అన్నది కొట్టెయ్. కటింగ్ మాస్టర్ అని రాయి. కత్తిరించడం తనంతట తానే నేర్చుకున్నారు అని రాయి. ఎవరి దగ్గరా కాదు. చేదోడువాదోడు కూడా తీసెయ్. అక్కతో కలిసి టైలరింగ్ షాపు నడుపుతున్నారు. నడుపుతున్నారు. రాశావా?"

"రాశాను సార్" అంది ఆవిడ. కీబోర్డు టకటక ఆగింది. "ఇంకేమైనా చేర్చాలా సార్?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. ఏ ఊళ్ళో చదివింది, చిన్నప్పుడు ఏమవుదామనుకుంది, మేం అక్కచెల్లెళ్ళం దెబ్బలాడుకుంటే ఎక్కడికి పోయి కూర్చునేది, ఏమో ఇంకా ఏమేం వెతికారో.

"చాలా ఉండాలమ్మా. కానీ నాకు తెలీదు" అన్నారు. "ఒక్కొక్కటీ తనని అడిగి చెబుతాను."

ఫోను పెట్టేసి, మళ్ళీ లోపలికి ఎప్పుడు పంపిస్తారో కనుక్కురమ్మని నన్ను నర్సు దగ్గరికి తరిమారు.